జాంబవంతుని వంటి గురువు: కర్టు హాను

సముద్రతీరమున వానరులందఱు దిగులొంది యుండగా హనుమంతునకు అతని బలమును జ్ఞప్తికి దెచ్చినవాడు జాంబవంతుడు. బలము హనుమంతునిదే, అది తనయందు గలదను ఎఱుక మాత్రము పెద్దవాని వలన కలుగవలసివచ్చెను. ఎదుగు వయసు పిల్లల విషయమున ఈ కార్యమునే జీవితవ్రతముగా గైకొన్న మహనీయుడు కర్టు హాను.

ఆయన 1886వ సంవత్సరము జూన్ 5వ తేదీన బెర్లిను నగరమున, కలిమిగల యూదు కుటుంబమున జన్మించెను. 1904లో తీవ్రమైన వడదెబ్బ తగిలి, దాని బాధ ఆయనను బ్రతికినంతకాలము వెన్నాడెను. ఎండకు తాళలేని అట్టి దుర్బలశరీరుడే పిల్లలను కొండలకును కడలికిని పంపిన గురువగుట గమనింపదగిన విశేషము. ఆక్సుఫర్డునందును, జర్మను విశ్వవిద్యాలయములందును చదివి, మొదటి ప్రపంచయుద్ధ కాలమున జర్మను విదేశాంగశాఖలో పనిచేసి, పిదప బాడెను రాకుమారుడగు మాక్సునకు కార్యదర్శియయ్యెను. ఆ రాకుమారుని తోడ్పాటుతో 1920లో సేలెమునందలి ప్రాచీన మఠభవనమున పాఠశాలను నెలకొల్పెను. పుస్తకవిద్యతో పాటు దేహదార్ఢ్యము, స్వయంనిగ్రహము, పరోపకారము అచ్చట పాఠ్యాంశములు.

1932లో పొటెంపా గ్రామమున నాజీ దళమువారు ఒక పేద కార్మికుని, తల్లి కన్నులయెదుటనే చంపిరి. ఆ హంతకులను హిట్లరు బాహాటముగా సమర్థించెను. హాను ఊరకుండలేదు. సేలెము పూర్వవిద్యార్థులకు లేఖలు వ్రాసి, హిట్లరో సేలెమో తేల్చుకొనుడని కోరెను. ఫలితముగా 1933 మార్చిలో చెఱసాల పాలయ్యెను. బ్రిటిషు ప్రధాని రాంసే మెక్‌డొనాల్డు కలుగజేసికొనగా విడుదలయై, ఆ యేడే స్వదేశము విడిచి బ్రిటను చేరెను. శిష్యులకు ధైర్యము బోధించువాడు తాను ధైర్యపరీక్షలో నెగ్గవలెను గదా!

1934లో స్కాట్లండు ఉత్తరతీరమున గార్డన్‌స్టన్ పాఠశాలను స్థాపించెను. అచ్చటి బాలురు పడవలు నడుపుటయే గాక, తీరమున కావలి కాయుటయు నేర్చిరి. అయినను ఈ శిక్షణము రుసుము చెల్లింపగల కొద్దిమందికే దక్కుట ఆయనకు వెలితిగా తోచెను. చుట్టుపట్ల సామాన్య బాలురకును అది అందవలెనని 1936లో మోరే పతకమును ఏర్పఱచెను.

రెండవ ప్రపంచయుద్ధమున జర్మను జలాంతర్గాములు వర్తకనౌకలను ముంచివేయుచుండెను. ప్రాణరక్షణకై చిన్న పడవలెక్కిన నావికులలో ముదుసలులు బ్రతికి బయటపడుచుండగా, బలిష్ఠులైన పడుచువారు ఆశ వీడి మరణించుచుండిరి. నౌకాసంస్థ యజమాని లారెన్సు హోల్టు దీనికి మిక్కిలి కలతచెందెను. తెరచాప ఓడలపై తుపానులను ఎదుర్కొన్న పెద్దలకు తమపై నమ్మకముండెను. పిన్నలకు బలమున్నను ఆ నమ్మకము లేదు. హోల్టు, హాను కలిసి 1941లో వేల్సు తీరమందలి అబర్‌డవీలో శిక్షణాలయమును తెఱచిరి. దాని పేరు అవుట్‌వర్డ్ బౌండ్. రేవు విడిచి నడిసముద్రమునకు సాగు ఓడను గూర్చి నావికులు పలుకు మాట అది.

సుమారు నెలదినముల శిక్షణమునకు నౌకలలోను, కర్మాగారములలోను పని నేర్చుకొను కుఱ్ఱలు బడిపిల్లలతో కలసి వచ్చిరి. పడవ నడుపుట, పటమును దిక్సూచిని చూచి త్రోవ కనుగొనుట, కొండలు దాటుట, ఆపన్నులను రక్షించుట వారి నిత్యకృత్యములు. తెడ్డు వేయువారిలో ఒక్కడు అలసినను పడవ దారి తప్పును. కనుక గొప్పింటివాడును కూలివాని బిడ్డయు ఒకరినొకరు కనిపెట్టుకొనక తప్పదు. ఒకరిని గెలుచుట కంటె ఒకరిని కాపాడుట గొప్పదని హాను దృఢవిశ్వాసము.

1950లో ఎస్క్‌డేలునందు పర్వతశిక్షణాలయము వెలసెను. 1951లో బాలికలకును శిక్షణము మొదలయ్యెను. పూర్వశిష్యుడగు ఫిలిప్ రాకుమారుడు 1956లో ప్రారంభించిన ఎడింబరో డ్యూకు పురస్కార పథకమునకు హాను ప్రేరకుడు. 1962లో వేల్సునందు అట్లాంటిక్ కళాశాలయు ఆయన తలంపుతోనే వెలసెను. 1974 డిసెంబరు 14వ తేదీన జర్మనీలో ఆయన పరమపదించెను. నేడు అవుట్‌వర్డ్ బౌండ్ శిక్షణాలయములు ముప్పదికి పైగా దేశములలో కలవు.

చదువులో వెనుకబడినవాడనియో, పేదవాడనియో ఏ బిడ్డను గాని తక్కువగా ఎంచరాదు. వానికి తగిన పనిని, తోడుగా నలుగురిని, నమ్మిన పెద్దను చూపినచో వాడేమి చేయగలడో అప్పుడు తెలియును. హాను జీవితము మనకు నేర్పు పాఠమిది.