ఫిల్మ్ పక్కన ఫిల్మ్ పెట్టి చూసిన డాక్టర్

గోదావరిఖనిలో ఛాతీ ఎక్స్‌రే చదవడం అంత తేలిక కాదు. పాతికేళ్లు బాయిలో పనిచేసిన మనిషి ఫిల్మ్‌లో చిన్న చిన్న మచ్చలు కనిపిస్తే అది టీబీనా, బొగ్గు ధూళి వల్ల వచ్చే న్యూమోకోనియోసిసా? టీబీ అయితే కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. ధూళి జబ్బయితే నయం చేసే మందు లేదు, పైగా పరిహారం సంగతి ఉంటుంది. అలాంటప్పుడల్లా నాకు ఆర్చీ కాక్రేన్ గుర్తొస్తారు.

ఆరోగ్య వార్తల్లో ‘కాక్రేన్ సమీక్ష’ అన్న మాట మీరు చదివే ఉంటారు. ఆ పేరు ఈయనదే. 1909లో స్కాట్లండ్‌లో పుట్టారు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయారు. వైద్యవిద్య మధ్యలోనే ఆపి స్పెయిన్ అంతర్యుద్ధంలో క్షతగాత్రుల సేవకు వెళ్లారు. 1941లో క్రీట్ దీవిలో జర్మన్లకు చిక్కి, యుద్ధం ముగిసేదాకా శిబిరాల్లో తోటి ఖైదీలకు వైద్యం చేశారు.

తర్వాత అమెరికాలో టీబీ ఎక్స్‌రేల మీద పనిచేస్తుండగా ఒక సంగతి ఆయన్ని పట్టుకుంది. ఒకే ఫిల్మ్‌ని ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చదువుతున్నారు. కొన్నాళ్లాగి మళ్లీ చూపిస్తే అదే డాక్టరు తన మాటే మార్చుకుంటున్నాడు. (మాకూ జరుగుతుంది, దాచడమెందుకు!)

1948లో వేల్స్‌కు వచ్చి, కార్డిఫ్ దగ్గర గని కార్మికుల ఊపిరితిత్తులను పరిశోధిస్తున్న చార్లెస్ ఫ్లెచర్ బృందంలో చేరారు. ఆ బృందం మాటల వర్ణనను నమ్ముకోకుండా నమూనా ఫిల్ములు ఎంచిపెట్టింది. కొత్త ఫిల్మ్‌ని వాటి పక్కన పెట్టి, దేన్ని పోలి ఉందో చూడాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ పద్ధతిలో నేటికీ అంతే. కాక్రేన్ రోండా లోయలో ఇల్లిల్లూ గాలించి, గని కార్మికులకు ఎక్స్‌రేలు తీయించారు. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వాళ్ల ఆచూకీ తీశారు. ఏ మచ్చ ఉన్న మనిషి ఏమయ్యాడో అలా తెలిసింది. 1988లో ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు ఎక్స్‌రేలు కంప్యూటర్లో ఉంటున్నాయి. పేరు, నంబరు, తేదీ కొడితే ఫిల్మ్ వస్తుంది. ఇలాంటి మచ్చలున్నవి చూపించు అంటే మాత్రం సాధారణంగా రాదు. పోలికను బట్టి వెతికే సాఫ్ట్‌వేర్ మీద పరిశోధనలు సాగుతున్నాయి. నాకు కావలసింది తీర్పు కాదు. పోలిన పాత ఫిల్ములు నాలుగు, వాళ్లకు చివరికి ఏ జబ్బని తేలిందో ఆ వివరం. అవి చేతిలో ఉన్నా కళ్లె పరీక్ష తప్పదు, టీబీ మచ్చలూ ధూళి మచ్చలూ అంతగా కలిసిపోతాయి. ఈలోగా మీ ఇంట్లో బాయి పని చేసినవాళ్లుంటే వాళ్ల పాత ఎక్స్‌రేలు పారేయకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.