నిప్పుల ఇసుకపై తెలుగు యోగి

కాశీ మహాక్షేత్రంలో మన జాతి పేరే తన పేరుగా ప్రసిద్ధి పొందిన మహాయోగి త్రైలింగ స్వామి. శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం అనే మూడు శైవక్షేత్రాల నడుమ ఉన్న సీమ త్రిలింగ దేశమని పెద్దల మాట. ఆ దేశం నుండి వచ్చినవారు కనుక కాశీవాసులు ఆయనను ఆ పేరుతోనే పిలుచుకున్నారు. గుంటూరు, ప్రకాశం సీమలలో మిర్చి కల్లాల ఎండనూ, రెంటచింతల వడగాడ్పులనూ ఎరిగిన పాఠకులు ఈ స్వామి చరిత్రను తప్పక తెలుసుకోవాలి.

విజయనగర ప్రాంతంలోని హోలియా గ్రామంలో నరసింహారావు, విద్యావతి దంపతులకు ఆయన జన్మించారనీ, తొలి పేరు శివరాముడనీ చరిత్రకారులు వ్రాశారు. తండ్రి అనంతరం ఆస్తిపై ఆయనకు మమకారం కలగలేదు. తల్లి పరమపదించిన పిమ్మట, ఆమె చితి కాలిన శ్మశానంలోనే ఇంచుమించు ఇరవై ఏళ్లు సాధన చేశారని చెబుతారు. తరువాత భగీరథానంద సరస్వతి వద్ద సన్యాస దీక్ష స్వీకరించి గణపతి సరస్వతి అయ్యారు. తీర్థాటన ముగించి కాశీ చేరి, చివరకు పంచగంగా ఘాట్ వద్ద స్థిరపడ్డారు. 1887 డిసెంబరు 26న సిద్ధి పొందారు. అప్పటికి ఆయన వయస్సు 280 ఏళ్లని భక్తుల విశ్వాసం.

1868లో శ్రీరామకృష్ణ పరమహంస కాశీయాత్రకు వచ్చి స్వామిని దర్శించారు. మధ్యాహ్నపు ఎండకు గంగాతీరపు ఇసుక కాలిపోతోంది. పాదం మోపడానికి ఎవరికీ సాధ్యం కాని ఆ ఇసుకపై స్వామి హాయిగా శయనించి ఉన్నారు. అప్పుడు ఆయన మౌనవ్రతంలో ఉన్నారు. భగవంతుడు ఒక్కడా, అనేకులా అని పరమహంస సైగతో అడిగారు. సమాధిలో ఒక్కడే, నేను నీవు అనే భేదబుద్ధి ఉన్నంతవరకు అనేకులు అని స్వామి సైగతోనే సమాధానమిచ్చారు. పరమహంస ఆయనకు స్వయంగా పాయసం తినిపించారు. ఆయనలో సాక్షాత్తు విశ్వేశ్వరుడినే దర్శించామని తరువాత శిష్యులకు చెప్పారు. మన కోటప్పకొండపై వెలసిన స్వామిని దక్షిణామూర్తి స్వరూపంగా కొలుస్తాం. మౌనంతోనే బోధించే ఆ గురుతత్త్వం పంచగంగా ఘాట్‌లో మానవరూపంలో సంచరించిందని భావించండి.

ఇక నేటి కాలానికి వద్దాం. హాట్ యోగా అనే పద్ధతి నగరాలలో ప్రచారంలో ఉంది. కోల్‌కతాలో జన్మించిన బిక్రమ్ చౌదరి 1970 దశకంలో దీనిని అమెరికాలో వ్యాప్తి చేశారు. సుమారు 40 డిగ్రీల వేడి, 40 శాతం తేమ ఉన్న గదిలో 90 నిమిషాలపాటు 26 భంగిమలు వేయడం ఆ విధానం. మీ పిల్లలు ఉద్యోగాలకై వెళ్లిన ఊళ్లలో, బరువు తగ్గుతామన్న ఆశతో అలాంటి గదులలోకి ప్రవేశిస్తూ ఉండవచ్చు. వారికి త్రైలింగ స్వామిని చూపి, వేడిలోనే యోగసిద్ధి ఉందని ఎవరైనా చెబితే మీరు ఏమనాలి?

ముందుగా స్వామి శరీరాన్ని స్మరించండి. ఆయన అరుదుగా భుజించేవారని, అయినా బరువు 136 కిలోలకు పైబడి ఉండేదని పరమహంస యోగానంద తమ ఆత్మకథలో వ్రాశారు. యోగానికి కొలత నడుము చుట్టుకొలతే అయితే ఈ మహాయోగి ఆ పరీక్షలో నెగ్గేవారు కాదు. వేడి గదిలో ఒక్క పూటలో తగ్గిన బరువులో అధికభాగం చెమటగా పోయిన నీరే. నీరు త్రాగగానే అది తిరిగి వస్తుంది.

రెండవది శాస్త్రక్రమం. ఆసనం స్థిరంగా, సుఖంగా కుదిరిన వానిని శీతోష్ణాది ద్వంద్వాలు బాధించవని పతంజలి మహర్షి ఉపదేశం. అంటే ఆసనసిద్ధి ముందు, ఎండను సహించడం తరువాత. ఎండను ముందు పెట్టి ఆసనాన్ని సాధించాలనడం ఆ క్రమాన్ని తలక్రిందులు చేయడమే. సాధకుడు అగ్నిసేవను, శరీరాన్ని క్లేశపెట్టే పనులను విడనాడాలని హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు స్పష్టంగా హెచ్చరించాడు. కాలిన ఇసుకపై పడుకోవడం స్వామి చేసిన సాధన కాదు, దీర్ఘసాధన ముగిసిన పిమ్మట కనిపించిన ఫలం. ఆ ఫలాన్ని అనుకరించబోతే ప్రాణానికే ముప్పు.

నేటి పరిశోధన కూడా ఇందుకు దగ్గరగానే ఉంది. టెక్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇవే ఆసనాలను 12 వారాలపాటు కొందరిచేత వేడి గదిలోను, కొందరిచేత మామూలు గదిలోను వేయించారు. రక్తనాళాల పనితీరు రెండు వర్గాలలోనూ మెరుగుపడినట్లు 2018లో ప్రకటించారు. మేలు చేసింది ఆసనాలే కాని వేడి కాదన్నమాట.

చెమట ఆరితేనే దేహం చల్లబడుతుంది. తేమ నిండిన వేడిలో చెమట ఆరదు. అందువల్ల గర్భిణులు, హృద్రోగులు, రక్తపోటుకు మందులు వాడేవారు వైద్యుని అనుమతి లేనిదే అటువంటి గదులలో అడుగు పెట్టరాదు. కల్లాలలో తాలుకాయలు ఏరే తల్లులు, పత్తిచేలలో వంగి పనిచేసే కూలీలు రోజంతా సహించే ఎండ చాలదా? వారికి కావలసింది నీడ, నీరు, విశ్రాంతి. వాటిని సమకూర్చడం కూడా శివపూజయే.

తపస్సు అనే మాటకు తాపం మూలమే. అయితే ఆ తాపం గదిలో రగిలించేది కాదు, ఇంద్రియాలను నిగ్రహించినప్పుడు లోపల పుట్టేది. కనుక సూర్యోదయానికి ముందే లేవండి. గాలి ఆడే చోట చాప పరచి, తెలిసిన గురువు పర్యవేక్షణలో శక్తికి తగినన్ని ఆసనాలు వేయండి. పిదప కొంతసేపు శ్వాసను గమనిస్తూ మౌనంగా కూర్చోండి. కండరాల బిగువు సడలి, నిద్ర కుదిరి, కోపం కొద్దికొద్దిగా తగ్గడం మీకే అనుభవానికి వస్తుంది. ఆ శాంతి మీ ఇంటిల్లిపాదికీ కలగాలని విశ్వేశ్వరుని ప్రార్థిద్దాం.