తేలికదనపు శిల్పి కోలిన్ చాప్‌మన్
బరువు తగ్గితే బండి సులువుగా సాగుతుందన్నది జమ్మలమడుగు రేగడి దారుల్లో ఎడ్లబండి తోలిన రైతుకు తెలిసిన సత్యమే. దానినే కారు నిర్మాణానికి మూలసూత్రం చేసుకొన్నవారు కోలిన్ చాప్‌మన్. 1928లో ఇంగ్లండులో జన్మించిన ఆయన లండనులో ఇంజనీరింగు అభ్యసించి, 1952లో లోటస్ సంస్థను స్థాపించారు.

1966లో వెలువడిన లోటస్ 'యూరోపా' కారులో ఇంజనును చోదకుని వెనుక, వెనుక చక్రాలకు ముందు అమర్చారు. బరువు మధ్యకు చేరడంతో కారు మలుపుల్లో చురుకుగా తిరిగేది. ఫైబర్‌గ్లాసు పైకప్పడం దానిని తేలిక చేసింది.

అయితే ఆయన రేసు కార్ల భాగాలు మరీ సున్నితమన్న విమర్శ ఉండేది. 1970లో మోంజాలో లోటస్ నడుపుతూ యోకెన్ రింట్ మరణించారు. ఆ ఏటి ప్రపంచ విజేత బిరుదు మరణానంతరం రింట్‌కే దక్కింది.

1982లో చాప్‌మన్ కన్నుమూశారు. ఆయన సూత్రంపైనే రూపొంది 1996లో వచ్చిన 'ఎలీజ్' 2021 వరకు తయారైంది. అనవసరమైనది విడవాలి, ప్రాణాన్ని కాపాడేది విడవరాదు. ఆయన జీవితం నేర్పే పాఠమిదే.