కాటన్ దొరగారి కష్టము, కలిసివచ్చిన కాలము

మన యువజన కూటములలో గాని, పాఠశాల వార్షికోత్సవములలో గాని పట్టుదలను గూర్చి మాట్లాడవలసివచ్చిన ఉపన్యాసకుడు ధవళేశ్వరము ఆనకట్టను తలచుకొనక మానడు. కాటన్ దొరగారు కష్టపడిరి, గనుక గెలిచిరి, మీరును అట్లే కష్టపడిన యెడల గెలిచెదరు అని ముగించును. చిన్నతనములో నేనును ఈ మాటలు విని చప్పట్లు కొట్టినవాడనే. కాని ఇంటికి వచ్చి మా నాన్నగారిని చూచినప్పుడు ఆ లెక్క నాకు సరిపోయెడిది కాదు.

మాది కాలువ చివరి ఊరు. మా చేను శివారు చేను. నాన్నగారు రాత్రులందు లాంతరు పట్టుకొని బోదె గట్టు మీద నీటి కొరకు కాపలా కాయుచుండెడివారు. ఎగువన చేలు గలవారు సార్వా, దాళ్వా రెండును పండించుకొనుచుండగా మాకు ఒక్క సార్వా గట్టెక్కుటయే గగనముగా ఉండెను. ఎగువవారు సోమరులు కారు. మా నాన్నగారును సోమరి కారు. అదే నది, అదే కాలువ, అదే చెమట. ఫలితము మాత్రము వేరు. అందుచేతనే కాటన్ దొరగారి చరిత్ర చదువునప్పుడెల్ల ఇందులో మనిషి కష్టమెంత, కలిసివచ్చిన కాలమెంత అని వెదకుట నాకు అలవాటైనది.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండు దేశమున జన్మించిరి. హెన్రీ కాల్వెలీ కాటన్ గారి పదకొండుగురు కుమారులలో వీరు పదవవారు. వంశము పెద్దదే గాని పదవ కొడుకు వాటాకు వచ్చునది ఏమి ఉండును? పదునైదవ ఏట ఈస్టిండియా కంపెనీవారి అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరి, 1819లో ఇంజనీరు అధికారిగా నియమితులై, 1821లో మద్రాసులో దిగిరి. ఇంటిలో మొదటి కొడుకుగా పుట్టియుండిన యెడల బహుశా గోదావరి పేరు కూడ వినకుండనే జీవించియుందురు.

కంపెనీవారు ఆయనను మొదట దక్షిణ జిల్లాల చెరువులు, కాలువల శాఖలో వేసిరి. ఇది ఆయన కోరి తెచ్చుకొన్న పని కాదు. కోటలకో, రోడ్లకో పంపియుండిన యెడల కథ వేరుగా ఉండెడిది. మధ్యలో 1824 నుండి 1826 వరకు జరిగిన బర్మా యుద్ధమునకు వెళ్ళిరి. ఆ యుద్ధములో తుపాకి దెబ్బలకంటె జ్వరములకు చచ్చినవారే ఎక్కువ. ఆయన బ్రదికి వచ్చిరి. ఆయన ఆరోగ్యము తరువాత కూడ ఎన్నడును గట్టిది కాదు. జ్వరమో, ఎండదెబ్బయో తగిలి పని విడిచి సముద్రము దాటి వెళ్ళవలసివచ్చుట ఆయన జీవితములో పలుమారులు జరిగెను.

తంజావూరు ప్రాంతములో కావేరి మీద చోళరాజుల నాటి రాతికట్ట ఒకటి కలదు. తమిళులు దానిని కల్లణై అందురు. నది అడుగున ఇసుక తప్ప రాతిపొర దొరకని చోట కూడ బరువైన రాళ్ళు పేర్చి, అవి దిగినంత వరకు దిగనిచ్చి, వాటి మీద కట్ట నిలుపవచ్చునని ఆ పాతకట్ట చూపుచున్నది. సీమ పాఠశాలలో నేర్పని ఈ విద్యను కాటన్ దొరగారు ఊరు పేరు తెలియని ఆ పూర్వపు మేస్త్రీల పనిలో చూచి నేర్చుకొనిరి. దొరతనముతో కన్ను మూసుకొనక, ఈ దేశపు పాత పనివారిని గురువులుగా ఎంచుట ఆయన గొప్పదనములలో మొదటిదని నా అభిప్రాయము. ఆ నేర్పుతో 1836 ప్రాంతమున కొల్లడము నది మీద ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఆనకట్టలు కట్టించిరి. తంజావూరు సీమ తేరుకొనెను. సర్కారువారి శిస్తు కూడ పెరిగెను. ఈ రెండవ సంగతిని మరువరాదు. ఎందుకనగా తరువాత గోదావరికి డబ్బు అడిగినప్పుడు మద్రాసు దొరలు చెవి యొగ్గుటకు తంజావూరు ఖాతాపుస్తకమే సాక్ష్యమాయెను.

ఆరోగ్యము చెడి ఆస్ట్రేలియా వైపు టాస్మేనియా దీవికి వెళ్ళి, అక్కడ 1841లో ఎలిజబెత్ లెర్మాంత్ అను ఆమెను వివాహమాడి, తిరిగి వచ్చిన తరువాత ఆయనను విశాఖపట్నములో నియమించిరి. ఆ ఊరిలో సముద్రపు కోత ఆపు పని చేయించిరి. పాతపట్టణమందలి సెయింట్ జాన్స్ దేవాలయము కూడ ఆయన కట్టించినదే. అక్కడ నుండియే 1844లో గోదావరి పరిశీలనకు పిలుపు వచ్చెను.

అప్పటి రాజమహేంద్రవరము జిల్లా ఎట్లుండెనో ఇప్పటి పచ్చని కోనసీమను చూచువారు ఊహించలేరు. 1832-33లో నందన కరువు వచ్చెను. 1839 నవంబరులో తుపాను కోరంగి మీద పడి సముద్రమును ఊళ్ళలోనికి తెచ్చెను. ఒక ఏడు నీరు లేక చచ్చుట, మరొక ఏడు నీటిలో మునిగి చచ్చుట. 1821లో జిల్లా జనాభా 7,38,308 కాగా 1841 నాటికి అది 5,61,041కి దిగిపోయెను. లెక్కలు తీయుటకు వచ్చిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ అను అధికారి జిల్లా దుస్థితిని చూచి, నేర్పరియైన ఇంజనీరును ఒకరిని పంపుడని పై అధికారులకు వ్రాసెను. ఆ వ్రాత చేరు వేళకు, కావేరి మీద చేయి తిరిగిన మనిషి పొరుగుననున్న విశాఖపట్నములో ఉండుట చూడుడి! దీనిని కొందరు అదృష్టమందురు. మన సంఘములలో దేవుని ఏర్పాటు అందురు. పేరేదైనను అది కాటన్ దొరగారు చెమటోడ్చి సంపాదించినది మాత్రము కాదు.

ఇక్కడ మైకేల్ టాపింగ్ అను మరొక మనిషిని తలచుకొనవలెను. ఈయనకు అర్ధ శతాబ్దము ముందే, 1790 దశకములో, గోదావరి, కృష్ణ నదుల ప్రాంతమును కొలిచి, ఈ నీటిని పొలములకు మళ్ళింపవచ్చునని చెప్పిన సర్వే అధికారి ఆయన. బుద్ధికి గాని, శ్రమకు గాని తక్కువవాడు కాడు. మద్రాసులో 1794లో సర్వే పాఠశాల స్థాపించినవాడు. 1796లో మచిలీపట్నములో జ్వరము తగిలి చనిపోయెను. ఆయనకు మన డెల్టాలో విగ్రహము ఒక్కటియు నేను చూడలేదు. కాటన్ దొరగారికి జ్వరము తగిలి తగ్గెను. టాపింగ్ గారికి తగిలి తగ్గలేదు. నాకు తోచినంతవరకు వారి మధ్య పెద్ద భేదము ఇదియే.

అయితే అంతయు కాలమే చేసెనని అనుటకు వీలులేదు. కాటన్ దొరగారు నది పొడవున నడిచి, గుఱ్ఱము మీద తిరిగి, లంకలలో దిగి, ఎక్కడ లోతెంత, ఎక్కడ మట్టము ఎట్లున్నదని చూచి, 1844లో ఒకటి, 1845లో ఒకటి నివేదికలు వ్రాసిరి. ధవళేశ్వరము వద్ద నది లంకల చేత నాలుగు పాయలుగా చీలియున్నది. ప్రక్కనే కొండ, ఆ కొండ నిండ రాయి. ఆ కొండను ఆయన సృష్టింపలేదు. కాని వేల సంవత్సరములుగా ఆ కొండను ఎందరు చూడలేదు? దానిని గోదావరిలో పడవేయవచ్చునని అనుకొన్నవారు ఎందరు? భాగ్యము దారిలో పడియున్నను వంగి తీసికొనుటకు నడుము వంగవలెను.

1846 డిసెంబరులో అనుమతి వచ్చెను. 1847లో పని మొదలాయెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, సుమారు 12 అడుగుల ఎత్తున, నాలుగును కలిపి సుమారు 12,000 అడుగుల పొడవున కట్ట వేయవలెను. వరద తీసిన తరువాత మరల వరద వచ్చు లోపల ఎంత కట్టిన అంతే. అడిగినంతమంది ఇంజనీర్లు దొరకలేదు. కొండ నుండి నది వరకు ఇనుప పట్టాలు వేసి రాళ్ళబండ్లు నడిపించిరి. ఒక్కొక్క దినమున పదివేలమంది వరకు పనిచేయుచుండిరి. వారికి గుడిసెలు, తిండి, కూలి డబ్బు సమకూర్చుటయే ఒక పెద్ద పని. ఇందులో ఆయనకు కుడిభుజముగా నిలిచినవాడు వీణెం వీరన్న గారు. కూలీలను కూడగట్టుట, సణుగుడు సర్దుట, పనివారిని నిలబెట్టుట దొరలకు చేతనైన పనులు కావు. ఆయనకు పిదప సర్కారువారు రాయబహద్దరు బిరుదునిచ్చిరి. రాళ్ళు మోసిన పదివేల మందిలో మన పూర్వికులు ఎందరుండిరో, వారి పేర్లు వ్రాసినవారెవరు? ధవళేశ్వరము వెళ్ళినప్పుడెల్ల నాకు ఈ సంగతి ముల్లువలె తగులును.

పని సగములోనుండగా 1848లో దొరగారి ఆరోగ్యము మరల చెడెను. రెండు సంవత్సరములు సెలవు మీద ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయిరి. అందరు మరచిపోవు సంగతి ఇది. గురువు లేని ఆ రెండేండ్లు కట్ట నిలిచి ముందుకు సాగుటకు కారకుడు కెప్టెన్ ఛార్లెస్ ఆర్. ఆయన తన ఇష్టము వచ్చినట్లు పథకము మార్చక, ఉన్న గీత మీదనే పని నడిపించెను. 1850లో కాటన్ దొరగారు తిరిగి వచ్చి చూచుకొనుటకు ఒక పని మిగిలియుండెననిన అది ఆర్ గారి నమ్మకమైన సేవ. బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్టను 1852 నుండి 1855 వరకు కట్టించినది కూడ ఈయనే. కీర్తి పంచుకొనుటలో ఆర్ గారిది శివారు చేను.

1852లో ఆనకట్ట ముగిసెను. గన్నవరము వద్ద గోదావరి పాయ మీదుగా కోనసీమకు నీరు దాటించు అక్విడక్టును, దాని 49 కమానులతో, హేగ్ అను యువ ఇంజనీరు కట్టించెను. కాలువలు సాగెను. వాటిలో పడవలు నడిచెను. జనము తిరిగి వచ్చిరి. తరువాతి సంగతి మీకు తెలిసినదే. పాత ఆనకట్ట నూరేండ్లకు పైగా పనిచేసెను. దాని దగ్గరనే 175 తలుపులతో కొత్త బ్యారేజి కట్టి 1982 నాటికి ముగించి, దానికి ఆయన పేరే పెట్టిరి.

ఉపన్యాసకులు ఇక్కడ ఆపివేయుదురు. ఆయన జీవితము ఇక్కడ ఆగలేదు. 1861లో సర్ బిరుదు వచ్చునప్పటికి ఆయన వయస్సు 58. ఇంకను 38 ఏండ్లు బ్రదికిరి.

భద్రాచలము పైన గోదావరిని పడవల దారిగా మార్చి మధ్యపరగణాల పత్తిని సముద్రమునకు దింపవలెనని ఆయన కల. హేగ్ గారే ఆ పని చేపట్టిరి. దుమ్ముగూడెము వద్ద ఆనకట్ట కట్టిరి. అడవి జ్వరములు, రాతి మెట్లు, పెరుగుచున్న ఖర్చు, మరొక ప్రక్క రైలు. 1871 ప్రాంతమున సర్కారువారు ఆ పథకమును వదలివేసిరి. కర్నూలు, కడప జిల్లాలకు తుంగభద్ర నీటిని తెచ్చు కాలువ ఆయన ప్రోత్సాహముతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అను సీమ కంపెనీ చేపట్టినది. 10 లక్షల పౌన్ల మూలధనమునకు సర్కారువారు వడ్డీ పూచీపడిరి. ఆ డబ్బు చాలలేదు. అప్పు తేవలసివచ్చెను. కాలువ వచ్చిన తరువాత రేగడి నేల రైతులు నీరు తీసికొనుటకు ముందుకు రాలేదు. జొన్న, పత్తి పండు నేలకు డబ్బిచ్చి నీరెందుకని వారి మాట. అది తెలివితక్కువ మాట కూడ కాదు. 1882లో సర్కారువారే ఆ కాలువను కొనివేసిరి.

అదే మనిషి, అదే పట్టుదల, ఇంకను ఎక్కువ అనుభవము. నేల వేరు, కాలము వేరు. ఆయన తప్పు లేదనను. తంజావూరులో, గోదావరిలో నిజమైనది అంతటను నిజమగునని నమ్ముట ఆయన లోపము. గెలుపు తన పద్ధతిలోనిదని అనుకొనిరి గాని కొంత డెల్టా నేలలో ఉన్నదని ఒప్పుకొనలేదు. 1878లో, 75వ ఏట, పార్లమెంటు వారి విచారణ సంఘము ముందు నిలిచి ఈ పథకముల ఖర్చునకు జవాబు చెప్పవలసివచ్చెను. దేశమును అప్పటికే మహాకరువు పట్టియుండెను. రైళ్ళకు పోసిన డబ్బులో కొంత నీటికి పోసియుండిన యెడల ఇందరు చావకపోవుదురని ఆయన వాదము. వినినవారు కొద్దిమంది. నేడు ఆ కర్నూలు కడప కాలువ క్రింద ఎన్నో గ్రామములు వరి పండించుకొనుచున్నవి. అది ఆయన చూడలేదు.

కడపటి సంవత్సరములు ఇంగ్లండులో డోర్కింగ్ అను ఊరిలో గడిపిరి. అక్కడ నది లేదు, ఆనకట్ట లేదు, చేతిక్రింద పదివేలమంది లేరు. ఇంటి తోటలో కొద్దిపాటి నేలను లోతుగా త్రవ్వించి, మట్టిని గుల్లపరచి గోధుమ చల్లి, ఎంత లోతు త్రవ్విన ఎంత పండునో పరీక్షించుచుండిరి. ఒక గింజకు ఎన్ని కంకులు, ఒక చదరములో ఎంత దిగుబడి అని లెక్క కట్టుకొనెడివారు. దొరతనమువారు అడుగలేదు, ఎవరును జీతమీయలేదు. తొంబది దాటినను ఆ త్రవ్వకము మానలేదు. 1899 జూలై 24న, 96వ ఏట, ఆ ఊరిలోనే కన్నుమూసిరి.