బండి విప్పి చదువుకున్న నాయుడుగారు

పాత కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్ల క్లబ్బులు మన దేశంలో చాలా పట్టణాల్లో ఉన్నాయి. ఆ క్లబ్బుల లెక్కలో ప్రతి పాతబండీ 'వింటేజ్' కాదు. 1919 నుంచి 1930 దాకా తయారైన వాటికే ఆ పేరు. అక్కడ గౌరవం కూడా ఎక్కువ డబ్బు పోసి కారు కొన్న ఆసామికి దక్కదు. ఇంజను చప్పుడు విని, జబ్బు ఎక్కడుందో చెప్పే చేతిపనివాడికి దక్కుతుంది. ఏ మరమేకు ఎందుకుందో తెలిసిన ఆ పెద్దమనిషి మాటే అందరూ వింటారు.

మన దక్షిణాదిలో అలాంటి జాణకాడు ఎవరని అడిగితే, నేను మొదట చెప్పే పేరు జి.డి. నాయుడు. గోపాలస్వామి దొరస్వామి నాయుడు. ఉండింది తమిళదేశంలోనే అయినా తెలుగింటి బిడ్డ. పత్తి, మగ్గం తప్ప వేరే లోకం అంతగా తెలియని మా ఆదోని, ఎమ్మిగనూరు ఆడవాళ్లకు ఈయన కథ ఎందుకూ అంటారేమో! చివరిదాకా చదవండి, మన వంటింటి దాకా వస్తుంది.

1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో ఆయన పుట్టారు. సేద్యం చేసుకునే కుటుంబం. బడి ఆయనకు పడలేదు. చిన్న తరగతుల్లోనే చదువు మానేసి పొలం పనుల్లో పడ్డారు. అలాంటి కుర్రాడి కంట ఒకరోజు మోటారు సైకిలు పడింది. ఒక తెల్లదొర నడుపుతున్న రడ్జ్ కంపెనీ బండి. ఎద్దు లేదు, గుర్రం లేదు, తనంతట తానే పోతోంది! ఊళ్లో అందరూ నోరు తెరుచుకుని చూసి, సాయంత్రానికి మర్చిపోయి ఉంటారు. ఈయన మర్చిపోలేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా చేరారు. టిఫిన్లు అందిస్తూ, పైసాపైసా కూడబెట్టి, ఆ బండినే కొన్నారు.

మామూలు కుర్రాడైతే బండెక్కి ఊరంతా తిరిగేవాడు. ఈయన మాత్రం దాన్ని ముక్కముక్కలుగా విప్పేశారు. ఏ భాగం దేనికి ఆనుకుని ఉంది, దేన్ని తిప్పితే ఏది కదులుతుంది అని చూసుకుని, మళ్లీ బిగించారు. ఆయన ఇంజనీరింగు కాలేజీ అదే. పుస్తకం లేదు, ఫీజు లేదు. తనది అనుకున్న ఒక బండి, అడ్డుచెప్పేవాళ్లు లేని కొంత సమయం, అంతే.

తర్వాత పత్తి వ్యాపారంలో దిగారు. తిరుప్పూరులో జిన్నింగు పెట్టి సంపాదించి, ఆ డబ్బు బొంబాయి పత్తి బజారులో పోగొట్టుకున్నారు. పత్తి ధర మనిషిని ఎత్తడం, పడేయడం ఎలా ఉంటుందో ఆదోని మార్కెట్టు చుట్టూ బతికేవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. ఒక సీజనులో కోడలి మెడలో చేరిన గొలుసు, ఇంకో సీజనులో బ్యాంకు లాకరుకు కాదు, తాకట్టు కొట్టుకు పోవడం మనం చూస్తున్నదే. ఆయనా అలాగే ఖాళీ చేతులతో ఇల్లు చేరారు.

అయితే చేతులు ఖాళీ అయినా చేతిలోని విద్య పోలేదు. రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి సాయంతో 1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుంచి పళనికి తానే నడిపారు. ఎమ్మిగనూరు నుంచి కర్నూలు పోయినంత దూరం ఉంటుందది. ఆ ఒక్క బస్సే పెద్ద బస్సు సర్వీస్‌గా పెరిగి, 1933 నాటికి సుమారు 280 బస్సులైంది. బస్టాండుల్లో గడియారాలు, టైముపట్టికలు, టిక్కెట్లు కొట్టే యంత్రాలు పెట్టించారు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియక పిల్లలతో చెట్టుకింద కూర్చున్న తల్లులకు తెలుస్తుంది, ఆ గడియారం విలువ!

ఇక మన వంటింటి సంగతి. 1937లో నాయుడుగారు డి. బాలసుందరం నాయుడుతో కలిసి, మన దేశంలో మొట్టమొదటి ఎలక్ట్రిక్ మోటారును కోయంబత్తూరులో తయారు చేయించారు. అప్పటిదాకా మోటారంటే సీమ సరుకే. ఆ తర్వాత ఊరు ఊరంతా మోటార్లకూ, పంపులకూ పుట్టిల్లైంది. బావి దగ్గర మన రైతులు బిగించుకునే మోటార్లు ఎన్నో అక్కడివే. 1955లో సభాపతి అనే ఆయన రాతి రోలుకు మోటారు తగిలించి వెట్ గ్రైండరు చేసింది కూడా ఆ ఊళ్లోనే. దోసెల పిండి రుబ్బలేక రెక్కలు పడిపోయిన మన అమ్మల తరం, మీట నొక్కే మన తరం - ఈ రెంటి మధ్య ఉన్నది ఆ మోటారే.

కోయంబత్తూరులో ఆ మోటారు తిరిగిన మరుసటి ఏడే, 1938లో, ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు నేతపనివారి సహకార సంఘం పెట్టారు. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరి దారులూ వేరు. అయినా ఒక పోలిక నాకు కనిపిస్తుంది. పనిచేసే చేతికి విలువ ఉండాలని ఇద్దరూ అనుకున్నారు.

నాయుడుగారి బుర్ర ఒకచోట నిలిచేది కాదు. బ్యాటరీతో తిరిగే చిన్న గడ్డం మిషను, పల్చటి బ్లేడు, పండ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను - ఇలా ఎన్నో చేశారు. తోటలో మనిషిని మించి ఎదిగే పత్తి చెట్లు పెంచారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేసి, 2,000 రూపాయలకు ఇవ్వొచ్చన్నారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు రోడ్డెక్కకుండానే ఆగిపోయింది. మధ్యతరగతి ఇంటికి కారు అందడానికి ఆ తర్వాత ఇంకో ముప్పై ఏళ్లు పట్టిందంటే, పోయిందేమిటో అర్థమవుతుంది.

మనిషి కోపిష్టి కూడా. పన్నుల మీద నిరసనగా తన సరుకులను జనం ముందే పగలగొట్టించారు. అది తప్పని విమర్శించినవాళ్లూ ఉన్నారు. నాకూ ఆ పని నచ్చదు. ఎవరి చెమటో ఉన్న వస్తువు కదా!

ఆయన చేసిన వాటిలో నా మనసుకు బాగా పట్టింది చదువు విషయం. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరున పాలిటెక్నిక్ రావడానికి కారకులు ఆయనే. బడి సరిగా దాటని మనిషి దానికి మొదటి ప్రిన్సిపాల్! ఏళ్లకేళ్లు బల్లల మీద కూర్చోబెట్టడం కాలహరణం, చేతులతో చేయిస్తే తొందరగా నేరుస్తారని ఆయన వాదన. ఏలినవారు ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకుని వచ్చేశారు.

మా చుట్టాలమ్మాయి ఒకతె, పదో తరగతి అయ్యాక డిప్లొమాలో మెకానికల్ తీసుకుంటానంది. ఇంట్లో పెద్ద పంచాయతీ. ఆడపిల్లకు ఆ మసి ఎందుకన్నారు అబ్బయ్యలు. పెండ్లి చూపుల్లో ఏం చెప్పుకోవాలన్నారు అవ్వలు. పాప ఒకటే అడిగింది. కుట్టుమిషను ఆగితే బాబిన్ కేసు ఊడదీసి, దుమ్ము దులిపి, నూనె వేసి బిగించేది అమ్మే కదా, అది మిషను కాదా అని. ఎవరి దగ్గరా జవాబు లేదు. అయినా పిల్లను కంప్యూటరు బ్రాంచిలోనే వేశారు.

ఆ పిల్ల అడిగింది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూ ఉంటుంది. నేతగాళ్ల ఇళ్లలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టే అక్కలు, రాట్నం మొరాయిస్తే తామే సరిచేసుకుంటారు. దాన్ని ఎవరూ మెకానిజం అనరు, ఇంటిపని అంటారు. మిక్సీ, గ్రైండరు, వాషింగ్ మిషను - ఇంట్లో మగవాళ్లకంటే ఎక్కువ మోటార్లు నడిపేది మనమే. విప్పే హక్కు మాత్రం మనది కాదు!

కోయంబత్తూరు అవినాశి రోడ్డులో 2015లో జీడీ కార్ మ్యూజియం తెరిచారు. నాయుడుగారి కుమారుడు జి.డి. గోపాల్ సేకరణ అది. ఇంటిపని మీద ఆ ఊరు పోయినప్పుడు చూసొచ్చాను. అక్కడ నన్ను నిలబెట్టింది పెద్దపెద్ద కార్లు కాదు, 1886 నాటి బెంజ్ మూడుచక్రాల బండి నమూనా. దాన్ని చేసింది కార్ల్ బెంజ్. నమ్మి దూరం నడిపించింది ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌జైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దాదాపు 100 కిలోమీటర్లు. అంటే ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు పోయినంత. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. తీగ ఒరుసుకుపోతే మేజోడు కట్టే పట్టీ చుట్టింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. మందుల షాపులో ఇంధనం కొనుక్కుంది. చీకటి పడేసరికి పుట్టిల్లు చేరింది. లోకంలో మొదటి దూరప్రయాణపు డ్రైవరూ, దారిలో రిపేరు చేసుకున్న మొదటి మెకానిక్కూ ఒక తల్లే! అలాంటప్పుడు ఆ మసి ఆడపిల్లకు కొత్త ఎలా అవుతుంది?

నాయుడుగారు 1974 జనవరి 4న కన్నుమూశారు. 2025లో అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పైవంతెన కట్టి ఆయన పేరు పెట్టారు. పేరు మనకెలాగూ అక్కర్లేదు. ఆయన పద్ధతి తీసుకుంటే చాలు. ఇంట్లో పాడైపోయిన మిక్సీ ఏదైనా అటక మీద ఉందా? పాత ఇనుము వాడికి వేయకండి. ప్లగ్గు తీగ కత్తిరించి, దాన్ని ఒక స్క్రూడ్రైవరుతో సహా మీ అమ్మాయి ముందు పెట్టండి. రిపేరుకు మెకానిక్ అన్న వస్తే, పిల్లను ఆయన పక్కన కూర్చోబెట్టి చూడమనండి. విప్పింది తిరిగి బిగించలేకపోయినా తిట్టకండి. రేపు ఆ పిల్ల మెకానికల్ అంటే, ఇంట్లో పెద్దవాళ్ల ముందు ఆమె తరఫున మాట్లాడాల్సింది మనమే.