మత్స్యశాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా

నదులలోని చేపలకూ ఒక చరిత్ర ఉన్నదనీ, అది తెలియనిదే వాటిని కాపాడుకొనజాలమనీ గ్రహించిన భారతీయ శాస్త్రవేత్తలలో సుందర్ లాల్ హోరా అగ్రగణ్యులు. ఆయన 1896లో పంజాబులోని హఫీజాబాదులో జన్మించారు. ఆ ఊరు నేడు పాకిస్తానులో ఉన్నది. లాహోరులో చదువుకొన్న ఈ యువకునిలోని ప్రతిభను భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ అధిపతి అనండేల్ గుర్తించారు. 1919లో ఆ సంస్థలో చేరిన హోరా 1947లో దానికే సంచాలకులయ్యారు.

వడిగా పారే కొండవాగులో చిన్న చేప కొట్టుకొనిపోకుండా ఎట్లా నిలువగలుగుతుంది? ఈ ప్రశ్న హోరాను చాలాకాలం వెంటాడింది. అణగిన దేహం, విసనకర్రవలె విచ్చుకొన్న రెక్కలు, రాతిని అంటిపెట్టుకొనే ఉదరభాగం - ఇవన్నీ ప్రవాహవేగానికి అనుగుణంగా ఏర్పడినవేనని ఆయన నిరూపించారు. వాగు నిలిచిపోతే అటువంటి చేపకు చోటు లేదు. తూర్పు హిమాలయాల చేపలు సాత్పురా పర్వతాల మీదుగా పడమటి కనుమలకు చేరినవని కూడా ఆయన ప్రతిపాదించారు. తరువాతివారందరూ దానిని అంగీకరించలేదు.

రాగండి, బొచ్చెల కుటుంబానికే చెందిన పెద్ద పొలుసుల చేప మహాసీరు. దాని జాతుల విషయంలో పండితులలోనే గందరగోళం ఉండేది. ఏ చేప ఏదో తేలనిదే దేనిని రక్షించాలో ఎట్లా తెలుస్తుంది? హోరా 1939 నుండి వ్యాసపరంపరగా ఆ చిక్కును విప్పసాగారు. వానకాలంలో ఎగువ ఉపనదులకు పోయి గుడ్లు పెట్టే హిమాలయ మహాసీరు ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. దాని దారికి అడ్డుగా నిలిచిన ఆనకట్టలు ఇందుకొక ముఖ్యకారణం. సముద్రం నుండి నదికి ఎదురీదే ఇలస చేపల వలసకు ఆనకట్టల వలన కలిగే చేటును గురించి హోరా 1942లోనే వ్రాశారు. ఆ ఇలసయే మన గోదావరిలో పులస.

ఆయన కృషిలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది మరొకటి. ప్రాచీన గ్రంథాలు చదివేటప్పుడు మావంటివారు రాజనీతినీ, అలంకారాలనూ వెదకుతారు. హోరా చేపలను వెదికారు. కౌటిల్యుని అర్థశాస్త్రంతో ఆరంభించి, 1950లో అశోకుని అయిదవ స్తంభశాసనాన్ని పరిశీలించారు. పట్టాభిషేకం జరిగిన 26 సంవత్సరాలకు వేయించిన ఆ శాసనంలో అశోకుడు కొన్ని జలచరాలను చంపరాదన్నాడు. కొన్ని పర్వదినాలలో చేపలను చంపడాన్నీ, అమ్మడాన్నీ నిషేధించాడు. దయాధర్మమని అందరూ చదివి ఊరుకొన్న ఆ పంక్తులను హోరా మత్స్యసంపదకు సంబంధించిన శాసనవిధిగా వ్యాఖ్యానించారు. మరుసటి సంవత్సరం కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసంలోని మత్స్యవినోద ప్రకరణాన్ని చేపట్టారు. చేపల భేదాలూ, వాటికి వేయవలసిన మేతా, గాలం పట్టే విధానమూ అందులో ఉన్నవి. సంస్కృత పండితుడు చేపలను ఎరుగడు, శాస్త్రజ్ఞుడు సంస్కృతాన్ని ఎరుగడు. ఆ రెండింటి నడుమ వంతెన కట్టే ఓపిక ఆయనకున్నది.

1955లో హోరా కలకత్తాలో మరణించారు. అంతకు అయిదేళ్ళ ముందే, కేరళలోని కొట్టాయం బావులలో దొరికిన ఒక వింత చేపకు మీనన్ అనే శాస్త్రజ్ఞుడు హోరాగ్లానిస్ అని ఆయన పేర నామకరణం చేశారు. బెత్తెడైనా లేని ఎఱ్ఱని చేప అది. భూగర్భజలంలోని చీకటిలో జీవించే ఆ చేపకు కన్నులు లేవు.