కొరడా లేని విప్

ఆటోనగర్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో నేను మా సంఘం కార్యదర్శిని. సర్వసభ్య సమావేశానికి కోరం నింపడానికి ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళి బతిమాలేవాణ్ణి. అప్పుడల్లా కీ.శే. కొత్త రఘురామయ్య గారు గుర్తుకొచ్చేవారు.

వారు 1912లో గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో జన్మించారు. 1952లో తెనాలి నుంచి, 1957 మొదలు ఐదుసార్లు గుంటూరు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1969 నవంబరులో కాంగ్రెసు చీలి ప్రభుత్వం మెజారిటీ కోల్పోయిన వేళ పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి అయ్యారు. ఆ మంత్రే ప్రభుత్వ చీఫ్ విప్. ఓటింగు వేళకు సభ్యులను సమకూర్చడం ఆయన పూచీ. విప్ అంటే కొరడా అని పేరే గాని, ఫిరాయింపుల నిషేధ చట్టం 1985లో గాని రాలేదు. అప్పట్లో విప్‌ను ధిక్కరించినా సభ్యత్వం పోయేది కాదు. నచ్చజెప్పడమే దారి.

1970 సెప్టెంబరులో రాజభరణాల రద్దు బిల్లు లోక్‌సభలో నెగ్గి, రాజ్యసభలో వీగిపోయింది. అనుకూలం 149, వ్యతిరేకం 75. ఇంకొక్క ఓటు పడితే మూడింట రెండు వంతులు దక్కేవి. ఆ రద్దు 1971 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది.

రఘురామయ్య గారు 1979లో కన్నుమూశారు. సమావేశానికి నేనొక్కణ్ణి రాకపోతే ఏమిటనుకునే మిత్రులు ఆ ఒక్క ఓటును తలచుకోవాలని మనవి.